సైనస్ దిబ్బడకు మూలికా ద్రవ్యాలు: సంప్రదాయం ఏమంటోంది, పరిశోధన ఏం తేల్చింది

దీపావళి దాటి చలి ముదిరే వేళకు ఢిల్లీ గాలిలో సూక్ష్మ ధూళికణాల సాంద్రత పెరగడం ఏటా చూస్తున్నదే. పీఎం 2.5 కణాలు 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు మించరాదని జాతీయ ప్రమాణం నిర్దేశిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 15 మాత్రమే. శీతకాలంలో రాజధాని ఈ రెండు హద్దులనూ దాటే రోజులే ఎక్కువ. ఆ రోజుల్లో ముక్కు దిబ్బడ, నుదుటి బరువు, చెంపల నొప్పి, గొంతులోకి జారే శ్లేష్మం ఇంటింటి సమస్యలవుతాయి. మాత్ర వేసుకునే ముందు పోపుల పెట్టె వైపు చూసే అలవాటు తెలుగు ఇళ్లలో నేటికీ ఉంది. ఆ పెట్టెలోని ద్రవ్యాలు నిజంగా ఏం చేస్తాయి, ఏం చేయవు, ఎక్కడ హాని కలిగిస్తాయి అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఈ పరిశీలనకు ఢిల్లీలోని కరోల్ బాగ్ తగిన ప్రదేశం. మూలికల నుంచి రసాయనాలను వేరుచేసి పరీక్షించే పని మన దేశంలో తొలినాళ్లలో సాగిన చోట్లలో ఇది ఒకటి. ఢిల్లీ తెలుగువారికీ ఈ ప్రాంతం పరిచితమే. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో ఏర్పడిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలల్లో ఒకటి పక్కనే ఉన్న ప్రసాద్ నగర్‌లో నడుస్తోంది.

దిబ్బడ ఎందుకు వస్తుంది?

ముక్కు చుట్టూ ఎముకల్లో గాలి నిండిన నాలుగు జతల గదులు ఉంటాయి. చెంపల వెనుక, నుదుటిలో, కళ్ల నడుమ, ముక్కు వెనుక లోతుగా ఉన్న ఈ గదులనే సైనస్‌లు అంటారు. వీటి లోపలి పొర నిరంతరం పలుచని శ్లేష్మాన్ని స్రవిస్తుంది. కంటికి కనిపించని సన్నని నూగు దానిని సన్నటి ద్వారాల గుండా ముక్కులోకి నెడుతుంది. వైరస్, ధూళి, పుప్పొడి లేదా పొగ వల్ల పొర వాచితే ద్వారాలు మూసుకుపోయి శ్లేష్మం లోపలే నిలుస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ముక్కు మూసుకుపోవడానికి ప్రధాన కారణం చీమిడి కాదు. ముక్కు లోపలి కండల్లోని రక్తనాళాలు ఉబ్బి దారిని ఇరుకు చేయడమే అసలు కారణం. ఎంత చీదినా దిబ్బడ వదలకపోవడం ఇందువల్లనే. ఏ ద్రవ్యమైనా నిజంగా దిబ్బడ తగ్గించాలంటే ఆ రక్తనాళాలను కుదించాలి, లేదా వాపును తగ్గించాలి, లేదా శ్లేష్మాన్ని పలుచబరచాలి. ఈ మూడింటిలో ఏదీ చేయకుండా హాయి అనిపించే ద్రవ్యాలు కూడా ఉన్నాయి.

ఆయుర్వేదం ఈ బాధను ప్రతిశ్యాయమనీ, పీనసమనీ వ్యవహరిస్తుంది. యునానీ వైద్యులు నజ్లా, జుకామ్ అంటారు. పడిశం పదిరోగాల పెట్టు అన్న మన సామెత ఈ సమస్యను పూర్వులు తేలికగా తీసుకోలేదని చెబుతుంది.

టిబ్బియా కళాశాల, ఒక వేరు కథ

హకీం అజ్మల్ ఖాన్ పేరు మీదనే కరోల్ బాగ్ ప్రధాన వీధి అజ్మల్ ఖాన్ రోడ్డు అయింది. ఆయుర్వేదాన్నీ యునానీనీ ఒకే ఆవరణలో బోధించాలన్నది ఆయన ఆశయం. ఆయుర్వేద, యునానీ టిబ్బియా కళాశాలకు 1916లో నాటి వైస్రాయ్ లార్డ్ హార్డింజ్ శంకుస్థాపన చేయగా, 1921 ఫిబ్రవరి 13న మహాత్మా గాంధీ ప్రారంభించారు. ఆనాటి ప్రసంగంలో గాంధీజీ ఆధునిక శాస్త్రవేత్తల పరిశోధనా తత్పరతకు నివాళి అర్పించారు. దేశీయ వైద్యుల్లో ఆ తపన కొరవడిందన్నది ఆయన అభిప్రాయం.

అజ్మల్ ఖాన్ ఆ లోటును పూరించదలచారు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో రసాయన శాస్త్రం చదివిన సలీముజ్జమాన్ సిద్దీఖీకి ఈ కళాశాలలో పరిశోధన సంస్థను నెలకొల్పే బాధ్యత దక్కింది. 1927 డిసెంబరులో అజ్మల్ ఖాన్ కన్నుమూసినా పని ఆగలేదు. సిద్దీఖీ బృందం సర్పగంధ వేరు నుంచి పలు ఆల్కలాయిడ్లను వేరుచేసి 1931లో ప్రకటించింది. వాటిలో ఒకదానికి అజ్మల్ ఖాన్ స్మారకంగా అజ్మలీన్ అని పేరు పెట్టారు. గుండె లయ తప్పినప్పుడు వాడే ఔషధంగానూ, కొన్ని గుండె జబ్బులను నిర్ధారించే పరీక్షలోనూ అది వైద్యులకు ఉపయోగపడింది.

ఈ కథకూ ముక్కు దిబ్బడకూ ఊహించని సంబంధం ఉంది. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ సర్పగంధ రక్తపోటును తగ్గించే తీరును వివరించి ప్రపంచ దృష్టిని ఆకర్షించారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా సంస్థ శాస్త్రవేత్తలు అదే వేరు నుంచి రిసర్పీన్‌ను వేరుచేశారు. రక్తపోటు మందుగా అది విస్తృతంగా వాడుకలోకి వచ్చాక బయటపడిన దుష్ఫలితాల్లో ముక్కు దిబ్బడ ఒకటి. నాడుల చివర నిల్వ ఉండే నార్ అడ్రినలిన్‌ను రిసర్పీన్ ఖాళీ చేస్తుంది. ముక్కులోని రక్తనాళాలను బిగించి ఉంచేది ఆ పదార్థమే. అది లోపించగానే నాళాలు సడలి ముక్కు మూసుకుపోతుంది.

మూలిక కనుక మేలే చేస్తుందన్న నమ్మకానికి సర్పగంధ మంచి సమాధానం. ఒకే వేరులోని ఒక పదార్థం గుండెకు ఉపకరించింది, మరొకటి రక్తపోటును దించుతూ ముక్కును దిబ్బడ వేయించింది. ఏ పదార్థం, ఎంత మోతాదు, ఏ బాధకు అన్న మూడు ప్రశ్నలూ అందుకే ముఖ్యం.

ముక్కును తెరిచిన మొక్క

రిసర్పీన్‌కు సరిగ్గా ఎదురు దిశలో పనిచేసేది ఎఫెడ్రా. చైనా సంప్రదాయ వైద్యంలో దీనిని మా హువాంగ్ అంటారు. హిమాలయాల్లోని శుష్క ప్రాంతాల్లో పెరిగే దీని జాతులను మన దేశంలో కొందరు సోమలతగా వ్యవహరిస్తారు. జపాన్ శాస్త్రవేత్త నగాయ్ నగయోషి 1885లో దీని నుంచి ఎఫెడ్రిన్‌ను వేరుచేశారు. భారతీయ ఎఫెడ్రా జాతులపై కలకత్తాలో రామ్‌నాథ్ చోప్రా విస్తృతంగా పరిశోధించారు.

ఎఫెడ్రిన్, దాని సోదర పదార్థమైన సూడోఎఫెడ్రిన్ నార్ అడ్రినలిన్‌ను విడుదల చేయించి రక్తనాళాలను కుదిస్తాయి. మొక్కల నుంచి వచ్చిన పదార్థాల్లో ముక్కు దారిని కొలవదగిన రీతిలో తెరిచేవి ఇవే. అయితే ఆ ప్రభావం ముక్కుకే పరిమితం కాదు. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. నిద్ర చెడుతుంది. ఎఫెడ్రా కలిసిన ఆహార పూరకాలను అమెరికా 2004లో నిషేధించింది. మాదక ద్రవ్యాల తయారీకి దారి మళ్లే ప్రమాదం ఉన్నందున మన దేశంలో ఈ రెండు రసాయనాలూ నియంత్రిత పదార్థాల జాబితాలో ఉన్నాయి. పోటీల్లో పాల్గొనే క్రీడాకారుల మూత్రంలో ఇవి పరిమితికి మించి కనిపిస్తే డోపింగ్ కింద చర్య తప్పదు.

సూడోఎఫెడ్రిన్‌పై నియంత్రణ పెరగడంతో జలుబు మాత్రల్లో ఫినైలెఫ్రిన్ చేరింది. ఇది కర్మాగారంలో తయారయ్యే పదార్థం. నోటి ద్వారా తీసుకున్నప్పుడు ఇది దిబ్బడను తగ్గించడం లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘం 2023 సెప్టెంబరులో తేల్చింది. 2024 నవంబరులో ఆ సంస్థ దీనిని ఆమోదిత జాబితా నుంచి తొలగించాలని ప్రతిపాదించింది. క్లోర్‌ఫెనిరమైన్‌తో కలిపిన ఫినైలెఫ్రిన్ మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని ముద్రించాలంటూ మన దేశ ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో ఆదేశించారు. ఆధునిక మాత్ర అయినంత మాత్రాన పనిచేస్తుందన్న హామీ లేదని దీనివల్ల అర్థమవుతుంది. పరీక్ష మూలికకూ మాత్రకూ ఒకటే.

పుదీనా పువ్వు, వాము పువ్వు, కర్పూరం

పుదీనా పువ్వు అని పచారీ కొట్లలో అమ్మే తెల్లని స్ఫటికాలే మెంథాల్. వాము పువ్వు అంటే థైమాల్. ఈ రెండింటినీ ముద్దకర్పూరంతో కలిపి సీసాలో ఉంచితే కాసేపటికి మూడూ కరిగి ద్రవమవుతాయి. ఇంటింటా తలనొప్పికీ జలుబుకీ వాడిన ద్రవం ఇదే.

ఈ ద్రవ్యాలను దేశమంతటా పరిచయం చేసిన వారిలో తెలుగువారు ముందున్నారు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీని ఆరంభించారు. ఆ రాబడి అండతోనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా నెలకొల్పారు. 1914లో అది మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడింది. తెలుగు పత్రికా రంగం ఒక తలనొప్పి మందుకు ఈ విధంగా రుణపడి ఉంది. హైదరాబాదులో 1920లో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ రూపొందించిన జిందా తిలిస్మాత్ యునానీ సంప్రదాయానికి చెందినది. నీలగిరి తైలం అందులో ప్రధాన ద్రవ్యం. తెలంగాణలో జలుబు చేసిన ఇంట ఆ చిన్న సీసా కనిపించడం నేటికీ సాధారణం.

మెంథాల్ ఎలా పనిచేస్తుంది? బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో రొనాల్డ్ ఎకిల్స్ జరిపిన ప్రయోగాల్లో మెంథాల్ పీల్చినవారు ముక్కు తెరుచుకుందని చెప్పారు. గాలి ప్రవాహాన్ని పరికరంతో కొలిస్తే మాత్రం మార్పు కనిపించలేదు. చల్లదనాన్ని గుర్తించే టీఆర్‌పీఎం 8 అనే గ్రాహకాన్ని మెంథాల్ ప్రేరేపిస్తుందని 2002లో వెల్లడైంది. లోపలికి చల్లని గాలి వెళ్తున్నట్లు మెదడుకు సంకేతం అందుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని గుర్తించే గ్రాహకాన్ని తాకుతుంది. స్పర్శ, ఉష్ణ గ్రాహకాలను కనుగొన్నందుకు డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూషియన్‌లకు 2021లో నోబెల్ బహుమతి లభించింది.

ఇది కేవలం భ్రమ అని కొట్టివేయవలసిన పని లేదు. రాత్రి ఊపిరాడక నిద్ర పట్టని మనిషికి ఆ హాయి విలువైనదే. కాని మెంథాల్ వ్యాధిని తగ్గించదు, వాపును తీయదు. హాయిని స్వస్థతగా పొరబడి వారాల తరబడి వైద్యుని వద్దకు వెళ్లకపోవడమే ప్రమాదం.

నీలగిరి తైలం

యూకలిప్టస్ ఆకుల నుంచి తీసే ఈ తైలంలో ముఖ్య పదార్థం సినియోల్. వాపును తగ్గించే గుణం, శ్లేష్మాన్ని కదిలించే గుణం దీనికి ఉన్నాయి. జర్మనీలో 152 మంది తీవ్ర సైనస్ రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2004లో వెలువడ్డాయి. రోజుకు మూడుసార్లు 200 మిల్లీగ్రాముల శుద్ధ సినియోల్ గుళికలు తీసుకున్నవారిలో ఉత్తుత్తి గుళికలు తీసుకున్నవారికంటే లక్షణాలు స్పష్టంగా తగ్గాయి. ముక్కు వ్యాధులపై ఐరోపా నిపుణులు 2020లో ప్రచురించిన మార్గదర్శక పత్రం కొన్ని మూలికా ఔషధాలు తీవ్ర సైనస్ బాధలో ఉపకరిస్తాయని అంగీకరించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పరీక్షించినది కొలత ప్రకారం గుళికలో నింపిన శుద్ధ పదార్థాన్ని. సీసాలోని నీలగిరి తైలాన్ని చెంచాతో తాగడం దానికి సమానం కాదు. అలా తాగితే మూర్ఛ, అపస్మారక స్థితి కలిగే ప్రమాదం ఉంది, ముఖ్యంగా పిల్లలకు.

వంటింటి ద్రవ్యాలు, జోషాందా

మిరియాలు, పిప్పళ్లు, శొంఠి కలిసిన త్రికటు ఆయుర్వేదంలో కఫహరంగా ప్రసిద్ధం. ఘాటైన మిరియాల చారు తాగగానే ముక్కు కారడం అందరికీ అనుభవమే. ఘాటు నాడులను ప్రేరేపించి పలుచని స్రావాన్ని పెంచుతుంది. వేడి ద్రవం గొంతుకు ఉపశమనమిస్తుంది. మిరియాల్లోని పైపరిన్ కొన్ని మందులు రక్తంలో చేరే పరిమాణాన్ని పెంచుతుంది. ఫెనిటాయిన్ వంటి మూర్ఛ మందులు వాడేవారు చారు మానవలసిన పనిలేదు గాని, త్రికటు చూర్ణాన్ని రోజూ సేవించే ముందు వైద్యుని అడగాలి.

పసుపులోని కర్క్యుమిన్ ప్రయోగశాలలో వాపును తగ్గిస్తుంది. నోటి ద్వారా తీసుకుంటే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. పసుపు కొమ్మును కాల్చి పొగ పీల్చే అలవాటును మాత్రం విడనాడటం మంచిది. పొగ ఏదైనా వాచిన పొరను మరింత రేపుతుంది. ఢిల్లీ గాలికి అదనపు పొగ అక్కరలేదు.

అడ్డసరం ఆకులోని వాసిసిన్ నమూనాగా శాస్త్రవేత్తలు బ్రోమ్‌హెక్సిన్‌ను రూపొందించారు. శ్లేష్మాన్ని పలుచబరిచే దగ్గు మందుల్లో అదీ, దాని నుంచి వచ్చిన ఆంబ్రాక్సాల్ ఈనాటికీ వాడుకలో ఉన్నాయి. ఇంటి వైద్యం ప్రయోగశాల మీదుగా మందుల దుకాణానికి చేరిన మంచి ఉదాహరణ ఇది. అయితే వాసిసిన్ గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది కనుక గర్భిణులు అడ్డసరం కషాయాన్ని తీసుకోరాదు.

కరోల్ బాగ్‌లోనూ పాత ఢిల్లీలోనూ యునానీ మందుల కొట్లలో అడిగితే దొరికే జోషాందా ఎండు ద్రవ్యాల కషాయం. ఎండు రేగుపళ్లు, నక్కెర కాయలు, అతిమధురం, బనఫ్షా పూలు అందులో ప్రధానంగా ఉంటాయి. రేగు, నక్కెరల్లోని జిగురు రేగిన గొంతుపై పొరలా పరుచుకుంటుంది. అతిమధురంలోని గ్లిసరైజిన్ గొంతుకు హితవే గాని, దీర్ఘకాలం వాడితే శరీరంలో పొటాషియం తగ్గించి రక్తపోటు పెంచుతుంది. రక్తపోటు రోగులు నాలుగు రోజులకు మించి దీనిని కొనసాగించకపోవడం మేలు.

ఆవిరి కంటే ఉప్పునీరు మేలు

తులసి, వావిలి ఆకులు వేసి ఆవిరి పట్టడం తెలుగు ఇళ్లలో మొదటి చికిత్స. ఇంగ్లండులో దీర్ఘకాలిక సైనస్ బాధ ఉన్న 871 మందిపై జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. ఉప్పునీటితో ముక్కు కడుక్కున్నవారికి కొంత మేలు జరిగింది. ఆవిరి పట్టినవారికి చెప్పుకోదగిన ప్రయోజనం కనిపించలేదు. తాత్కాలికంగా హాయినిచ్చినా, మరుగుతున్న నీరు ఒలికి పిల్లలు కాలిపోయే ప్రమాదం ఆవిరితో ఉంది.

ఉప్పునీటితో కడుక్కోవడం మన జలనేతికి దగ్గరి పద్ధతి. ధూళినీ పుప్పొడినీ శ్లేష్మాన్నీ కడిగివేసే ఈ విధానం కాలుష్య నగరాల వారికి అనువైనది. ఒక్క నియమం తప్పనిసరి. కుళాయి నీటిని నేరుగా వాడరాదు. మరిగించి చల్లార్చిన నీటినే వాడాలి. మెదడును తినే అమీబాగా పేరుపడ్డ నేగ్లేరియా ఫౌలెరి ముక్కు ద్వారానే ప్రవేశిస్తుంది. 2011లో అమెరికాలోని లూసియానాలో నేతి పాత్రలో కుళాయి నీరు వాడిన ఇద్దరు ఈ వ్యాధితో మరణించారు. నోటితో తాగితే హాని చేయని నీరు ముక్కులోకి వెళ్తే ప్రాణాంతకం కావచ్చు. తుమ్మి ఆకు రసం వంటి పచ్చి రసాలను ముక్కులో పిండుకోవడం కూడా ఇదే కారణంగా ప్రమాదకరం. ఆయుర్వేద నస్య చికిత్సను అర్హత గల వైద్యుని వద్దనే చేయించుకోవాలి.

పాటించవలసిన జాగ్రత్తలు

• రెండేళ్ల లోపు పిల్లలకు కర్పూరం, మెంథాల్ కలిసిన లేపనాలు వాడరాదు. ఏ వయసు పిల్లలకైనా ముక్కు రంధ్రాల వద్ద పూయరాదు. పసిబిడ్డల్లో శ్వాస స్తంభించవచ్చు.

• హారతి కర్పూరం చాలావరకు టర్పెంటైన్ తైలం నుంచి కర్మాగారాల్లో తయారవుతుంది. దానిని తినడం, నీటిలో కలిపి తాగించడం ప్రమాదకరం. కొద్ది మోతాదుకే పిల్లలకు మూర్ఛలు వస్తాయి. పిల్లలకు అందని చోట దాచాలి.

• మందుల దుకాణాల్లో దొరికే ముక్కు చుక్కలను అయిదు రోజులకు మించి వాడితే, మందు ఆపగానే దిబ్బడ మరింతగా తిరిగివస్తుంది.

• ఆయుర్వేద, యునానీ ఔషధాలు కూడా 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం పరిధిలోకే వస్తాయి. సీసాపై లైసెన్సు సంఖ్య, ద్రవ్యాల జాబితా, గడువు తేదీ చూసి కొనాలి. పేరు, జాబితా లేని పొట్లాలను కొనరాదు.

వైద్యుని ఎప్పుడు సంప్రదించాలి?

సైనస్ బాధల్లో అత్యధికం వైరస్ వల్ల వచ్చినవే. వారం పది రోజుల్లో అవే తగ్గుతాయి. వైరల్ జలుబుల్లో బ్యాక్టీరియా సోకేది వందకు ఒకటి రెండుకు మించదు. కనుక తొలి రోజుల్లోనే యాంటీబయాటిక్ కోరడం అనవసరం. పది రోజులు దాటినా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరం, నొప్పి హెచ్చినా వైద్యుని చూడాలి. 12 వారాలు దాటితే అది దీర్ఘకాలిక సైనసైటిస్. దానికి చెవి ముక్కు గొంతు నిపుణుల పరీక్ష అవసరం.

కంటి చుట్టూ వాపు, చూపు మసకబారడం లేదా రెండుగా కనిపించడం, భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకోవడం, ముక్కు నుంచి నల్లని స్రావం, చెంప తిమ్మిరి వంటివి కనిపిస్తే ఒక్క గంట కూడా జాప్యం చేయరాదు. 2021లో కోవిడ్ రెండో విడతలో బ్లాక్ ఫంగస్‌గా మనకు పరిచయమైన మ్యూకర్‌మైకోసిస్ సైనస్‌లలోనే మొదలవుతుంది. మధుమేహం అదుపులో లేనివారికి, స్టెరాయిడ్లు వాడినవారికి ముప్పు ఎక్కువ. ఆ దశలో కషాయాలు, లేపనాలతో గడిపే ప్రతి పూటా కంటినీ ప్రాణాన్నీ పణంగా పెట్టడమే.

మొత్తం మీద, మన పెద్దలు వాడిన ద్రవ్యాల్లో కొన్ని పరీక్షకు నిలిచాయి, కొన్ని హాయికే పరిమితమయ్యాయి, కొన్ని హానికరమని తేలాయి. మిరియాల చారు, మరిగించి చల్లార్చిన ఉప్పునీరు, పడుకునే ముందు పెద్దవారికి కొద్దిగా లేపనం, బయటకు వెళ్తే మాస్కు: సాధారణ దిబ్బడకు ఇవి చాలు. అంతకు మించిన బాధ అయితే అల్లోపతి, ఆయుర్వేదం, యునానీల్లో ఏ పద్ధతి ఎంచుకున్నా అర్హత గల వైద్యుని చేతిలోనే చికిత్స పొందాలి. వాడుతున్న ప్రతి మందునూ, ప్రతి కషాయాన్నీ ఆయనకు దాచకుండా చెప్పాలి.